గ్యాస్ డిటెక్టర్ గొట్టానికి రంగు టేపు

ట్యాంకులోకో మ్యాన్‌హోల్‌లోకో దిగేముందు గాలి పరీక్షిస్తుంటే, డిటెక్టర్ గొట్టం ఎంత లోతుకు చేరిందో తెలియక పైకి లాగి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. గొట్టం చివరి నుంచి మీటరుకో చోట రంగు టేపు చుట్టేయండి. 1 మీటరు దగ్గర ఒక పట్టీ, 2 దగ్గర రెండు, అలా.

దించేముందు డిటెక్టర్‌కి గాలి లాగే పంపు ఆన్ చేసి గొట్టం చివర వేలితో మూయండి. కొద్ది సెకన్లలో పంపు అలారం మోగాలి. మోగలేదంటే గొట్టానికి ఎక్కడో చిల్లు ఉన్నట్టే. డిటెక్టర్ బయటి గాలినే పీల్చి ఆక్సిజన్ మామూలుగా 20.9 శాతం ఉందని చూపిస్తుంది, లోపలున్న మనిషి ప్రాణం పోతుంది. దయచేసి ఇది మాత్రం వదలకండి.

తర్వాత ప్రతి పట్టీ దగ్గరా ఆగి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు చూడండి. మీథేన్ పైన చేరుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ అడుగున ఉంటుంది, అందుకే ఒక్కచోట చూస్తే చాలదు. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి, మండే వాయువు ఎల్‌ఈఎల్‌లో (అంటే నిప్పంటుకోవడానికి గాలిలో ఉండాల్సిన కనీస మోతాదులో) 10 శాతం లోపు ఉండాలి, విషవాయువుల అలారం మోగకూడదు. ఏ ఒక్కటి తేడా వచ్చినా బ్లోయర్ పెట్టి, మళ్లీ కొలిచాకే దిగాలి.

అడుగున బురద ఉంటే ఈ కొలత ఎక్కువసేపు నమ్మడానికి లేదు. కాలు పడి బురద కదలగానే అందులోని వాయువు ఒక్కసారిగా బయటికొస్తుంది. దిగినవాళ్ల ఛాతీ దగ్గర ఇంకో డిటెక్టర్ నడుస్తూనే ఉండాలి, పైన ఒక మనిషి కదలకుండా కాపలా ఉండాలి.