పూర్వీకుల జాడ – నాలుగో పాఠం: పక్క పొలం వాళ్ళను కూడా రాసుకోండి

క్రిందటి పాఠంలో అమెరికా 1900 జనాభా లెక్కల నుంచి 1880కి దిగాం. మధ్యలోని 1890 లెక్కలు 1921 జనవరిలో వాషింగ్టన్ వాణిజ్య శాఖ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో దాదాపుగా పోయాయని కూడా చెప్పుకున్నాం. ఈ పాఠంలో 1880 నుంచి ఇంకా వెనక్కి వెళ్దాం. అమెరికా దక్షిణాది పల్లె కుటుంబాలను వెతికేవాళ్ళు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. మా కోడలి పుట్టింటివాళ్ళది ఉత్తర అలబామాలోని కల్మన్ కౌంటీ. మా మనవరాలికి బడిలో వంశవృక్షం గీయమని పని ఇస్తే, మా వైపు ఆరు తరాలు చెప్పగలిగాను. వాళ్ళ అమ్మ వైపు మూడు తరాలకే ఆగిపోయింది. ఆ పిల్లకు రెండు వైపులా వేర్లు ఉండాలి కదా అని నేనీ పని మొదలుపెట్టాను.

మా కోడలి పూర్వీకుడు 1880లో కల్మన్ కౌంటీలో రైతు. 1870లో అదే కౌంటీలో వెతికితే మనిషి లేడు. జార్జియా నుంచి వలస వచ్చి ఉంటాడనుకుని రెండు వారాలు అక్కడి పేజీలు తిరగేశాను. నిజానికి ఆయన ఎక్కడికీ కదలలేదు. కల్మన్ కౌంటీ ఏర్పడిందే 1877లో. బ్లౌంట్, మోర్గన్, విన్‌స్టన్ కౌంటీల నుంచి కొంత కొంత తీసి దాన్ని చేశారు. మన దగ్గర జిల్లాలు విడగొట్టినప్పుడు ఊరు ఉన్నచోటే ఉండి చిరునామా మారినట్టే ఇదీ. ఆ విన్‌స్టన్‌కు కూడా 1850లో పుట్టినప్పుడు పేరు హాంకాక్, 1858లో విన్‌స్టన్ అయింది. అందుకే ఏ సంవత్సరం వెతుకుతున్నా ముందు ఆ సంవత్సరంలో కౌంటీ పేరేమిటో, హద్దులెక్కడో చూసుకోండి. ఈ ఒక్క అలవాటు మీకు నెలల సమయం మిగులుస్తుంది.

కౌంటీలు మారినా మారనిది భూమి. అలబామా, మిసిసిపీ, అర్కాన్సా లాంటి రాష్ట్రాల్లో భూమిని ఫెడరల్ ప్రభుత్వం కొలిపించి అమ్మింది. ఆరు మైళ్ళ చదరాన్ని టౌన్‌షిప్ అంటారు. అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. మన సర్వే నంబరు లాంటిదే. మీ పూర్వీకుడు ప్రభుత్వం దగ్గర భూమి కొని ఉంటే ఆ పట్టా ఫెడరల్ భూముల శాఖ అయిన బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ సైటులో ఉచితంగా దొరుకుతుంది. సెక్షన్ నంబరు చేతికొస్తే, ఆ నేల 1870లో ఏ కౌంటీలో ఉందో పాత మ్యాపులో పోల్చుకోవచ్చు.

జార్జియా, కరొలైనాలు, టెనెసీ, వర్జీనియాలకు వెళ్తే పద్ధతి వేరు. అక్కడ మొదటి పట్టాలు ఇచ్చింది రాష్ట్రాలు, అంతకుముందు వలస ప్రభుత్వాలు. పాత దస్తావేజుల్లో చాలావాటిలో అచ్చం మన చెక్కుబందీలాగే ఉంటుంది: ఫలానా తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఫలానా వారి గట్టు వెంట వాగు దాకా. తూర్పున ఎవరి పొలం, పడమర ఎవరి పొలం అని చదువుతూ పెరిగిన మనకు ఇవి కొత్తగా అనిపించవు. ఆ చెక్కుబందీలో కనిపించే ప్రతి పేరూ రాసుకోండి.

ఈ పాఠంలో మీరు పట్టుకోవలసింది ఇదే. పల్లె రైతు సొంత చేతిరాతలు మనకు దొరకడం అరుదు. చదువు రాక ఇంటూ గుర్తు పెట్టినవాళ్ళు ఎందరో. రాష్ట్రమంతటా జనన మరణాల నమోదు అలబామాలో 1908లో, జార్జియాలో 1919లో గాని రాలేదు. కాబట్టి ఆ మనిషి జాడ ఎక్కువగా చుట్టుపక్కలవాళ్ళ కాగితాల్లో ఉంటుంది. పెళ్ళికి ముందు రాసిచ్చే పూచీకత్తు, అంటే పెళ్ళి బాండు మీద పూచీ పడ్డది చాలాసార్లు పెళ్ళికూతురి తండ్రో అన్నో. వీలునామాకు సాక్షి పక్క పొలం రైతు. జనాభా లెక్కలు రాసే మనిషి ఇల్లిల్లూ తిరిగాడు కాబట్టి, పేజీలో పైనా కిందా ఉన్నవాళ్ళు సాధారణంగా ఇరుగుపొరుగే. వాళ్ళలో ఒక ఇల్లు భార్య పుట్టిల్లు కావడం నేను మళ్ళీ మళ్ళీ చూశాను.

ఉత్తర అలబామా కొండ ప్రాంతంలో ఇంకో నిధి ఉంది. విన్‌స్టన్ చుట్టుపక్కల చాలామంది రైతులు అంతర్యుద్ధంలో యూనియన్, అంటే ఫెడరల్ ప్రభుత్వం పక్షం. యూనియన్ సైన్యం తమ గుర్రాలు, మొక్కజొన్న తీసుకుపోయిందని నష్టపరిహారం అడిగిన దక్షిణాదివాళ్ళ కోసం 1871లో సదరన్ క్లెయిమ్స్ కమిషన్ పెట్టారు. 22 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. విధేయత రుజువు చేసుకోవాలి కాబట్టి ఇరుగుపొరుగు వచ్చి సాక్ష్యం చెప్పేవారు: ఎన్నేళ్ళుగా తెలుసు, ఎంత దూరంలో ఉంటారు, చుట్టమా కాదా. మీవాళ్ళు దరఖాస్తు పెట్టకపోయినా సాక్షిగా ఉండవచ్చు.

ఇక 1850 గోడ. స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాసిన మొదటి లెక్కలు అవే. 1840లో ఇంటి పెద్ద పేరు ఒక్కటే, మిగతావాళ్ళు వయసు గళ్ళలో అంకెలు. ఒక ఊహా కుటుంబంతో లెక్క చేద్దాం. 1850లో తండ్రికి 45, తల్లికి 41, పిల్లలకు 18, 14, 11, 7. పదేళ్ళు తీసేయండి. 1840లో 30–40 గడిలో ఒక మగ, ఒక ఆడ, 5–10 గడిలో ఒకరు, ఐదేళ్ళలోపు ఇద్దరు ఉండాలి. చివరి పిల్ల అప్పటికి పుట్టలేదు. 1840లో అదే పేరుతో ఇంటి పెద్దలు ముగ్గురు కనిపిస్తే, ఈ అంకెలు ఎవరికి సరిపోతాయో చూడండి. 60–70 గడిలో అదనంగా ఒక స్త్రీ కనిపిస్తే ఎవరి తల్లో కావచ్చు, పనిమనిషి కూడా కావచ్చు. అంకెలు బంధుత్వం చెప్పవు. పక్కన ప్రశ్నార్థకం పెట్టి దాచుకోండి.

నల్లజాతి కుటుంబాలను వెతికేవాళ్ళకు గోడ ఇంకా దగ్గర, 1870లో. 1850, 1860 బానిస జాబితాల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు ఉంటాయి. మనిషి పేరు దాదాపు ఎక్కడా ఉండదు. అలబామా నడుమ నల్లరేగడి పట్టీలో పత్తి తోటల కౌంటీలైతే ఇలాంటి పేజీలు వరుసగా వస్తూనే ఉంటాయి. ముందు 1867 ఓటర్ల నమోదు చూడండి, 21 ఏళ్ళు నిండిన నల్లజాతి పురుషుల పేర్లుంటాయి. తర్వాత విడుదలైన బానిసల కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కూలి ఒప్పందాలు. 1865 నుంచి 1874 దాకా వాళ్ళ కోసమే నడిచిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా పుస్తకాలను మాత్రం వదలకండి. అమ్మానాన్నల పేర్లు, తోబుట్టువులు, కొన్నిచోట్ల పాత యజమాని పేరు కూడా రాశారు.

యజమాని పేరు దొరికితే ఆయన చనిపోయినప్పటి ఆస్తి జాబితా కోసం కౌంటీ ప్రోబేట్ పుస్తకాలు, అంటే చనిపోయినవాళ్ళ ఆస్తి పంపకాల కోర్టు రికార్డులు తెరవాలి. నేను మొదటిసారి అలాంటి పేజీ చదివిన రోజు ఇంకేమీ చేయలేకపోయాను. మంచాలు, మగ్గం, గిత్తల మధ్య మనుషుల పేర్లు, ఎదురుగా డాలర్లు. ఒక తల్లి పేరు, ఆమె చంటిబిడ్డ, ఇద్దరికీ కలిపి ఒకే ధర. అయినా ఆ తల్లీబిడ్డల పేర్లు పక్కపక్కన రాసి ఉన్న కాగితం ఇంకెక్కడా ఉండకపోవచ్చు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన ఆ యజమానే అనుకోకండి. కొందరు యజమాని పేరు పెట్టుకున్నారు, కొందరు పాత యజమానిది, కొందరు సొంతంగా ఎంచుకున్నారు. ఒకవేళ మీరు వెతుకుతున్నది యజమాని కుటుంబాన్నే అయితే, ఆ జాబితాలోని ప్రతి పేరూ వయసుతో సహా రాసి మీ వంశవృక్షంతో పాటు అందరికీ కనిపించేలా పెట్టండి. ఆ పేరు కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్న మనవలు ఎక్కడో ఉంటారు.

ఈ వారం అభ్యాసం. మీ కుటుంబం ఉన్న 1880 పేజీ తీసి, పైన పది ఇళ్ళు, కింద పది ఇళ్ళు పట్టికలో రాయండి. ఇంటి పెద్ద, భార్య, పుట్టిన రాష్ట్రం, తల్లిదండ్రులు పుట్టిన రాష్ట్రం చాలు. తర్వాత మీవాళ్ళను వదిలేసి, ఆ ఇరవై ఇళ్ళను 1870లో వెతకండి. ఐదారు ఇళ్ళు ఒకే చోట తేలితే, ఆ పేజీలు ఒక్కో పేరూ చదువుకుంటూ పోండి. స్పెల్లింగును నమ్మవద్దు, చెవికి ఎలా వినిపిస్తే అలా రాశారు. వచ్చే పాఠంలో కోర్టు హౌస్ కాలిపోయిన కౌంటీల్లో ఎలా వెతకాలో చూద్దాం. దానికి ఈ పట్టిక కావాలి.