సూపర్‌చార్జర్ బండి టకటకమంటోందా? ఆ 91 ఆక్టేన్ ఏ దేశం లెక్కో ముందు చూడండి

లక్షణం: మే నెల మధ్యాహ్నం, ఏసీ ఆన్‌లో ఉంది, హైదరాబాద్ నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎక్కుతున్నారు. యాక్సిలరేటర్ తొక్కగానే డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఇంజిన్లో చప్పుడు. కొన్ని బండ్లలో ఆ చప్పుడూ ఉండదు, పికప్ మాత్రం చచ్చిపోతుంది. పొద్దున్నే ఆరింటికి అదే బండి గుర్రంలా పోతుంది.

చప్పుడు లేని రకంతోనే ఎక్కువమంది మోసపోతారు. ఈ కొట్టుకోవడాన్ని (నాక్) నాక్ సెన్సర్ పసిగట్టగానే ఇంజిన్ కంప్యూటర్ టైమింగ్‌ని, అంటే ప్లగ్గు మంట రాజేసే సమయాన్ని, వెనక్కి లాగేస్తుంది, దాంతో ఇంజిన్ బతుకుతుంది, బలం పోతుంది. మనవాళ్లు ప్లగ్గులు, కాయిళ్లు మారుస్తారు, విడిభాగాల కోసం రాణిగంజ్‌కి నాలుగు ట్రిప్పులు కొడతారు. ఏ పెట్రోల్ పోయాలో చెప్పే పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ చదివొచ్చినవాణ్ని మాత్రం ఇంతవరకు చూడలేదు.

కారణం: సూపర్‌చార్జర్ గాలిని నొక్కి పంపుతుంది, నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడికి, ఒత్తిడికి ప్లగ్గు రాజేసిన మంట చేరకముందే ఇంకా మండని చివరి గాలి-పెట్రోల్ మిశ్రమం తనంతట తానే అంటుకుంటుంది. అలా అంటుకోకుండా పెట్రోల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకే ఆక్టేన్. అది బలం పెంచే మందు కాదు. 91 చాలనే మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో 97 పోస్తే పోయేది డబ్బులే.

ఇక అసలు దొంగ. దీని దగ్గర నేనే దెబ్బతిన్నాను. ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) రాకముందు సంగతి. అమెరికా నుంచి తెప్పించిన సూపర్‌చార్జర్ కిట్ బిగించిన బండి ఒకటి వచ్చింది. కిట్ పుస్తకంలో 91 అని ఉంది. అప్పటికి మన బంకుల్లో మామూలు పెట్రోల్ కూడా 91. సరిపోయిందిగా అనుకుని పది రోజులు ఇంజెక్టర్లు కడిగాను, బెల్టు చూశాను, స్కానర్ ముందు కూర్చుని తల గోక్కున్నాను. చివరికి ఆ అంకె కింద చీమతలంత అక్షరాల్లో కనిపించింది: ఆర్ ప్లస్ ఎమ్ బై 2.

అమెరికా వాళ్లు ఆర్ఓఎన్, ఎమ్ఓఎన్ అనే రెండు ఆక్టేన్ పరీక్షల అంకెల సగటు రాస్తారు. మనం ఒక్క ఆర్ఓఎన్ రాస్తాం, అది ఎప్పుడూ పెద్దదే. అందుకే వాళ్ల 91 మనకు 95–96, వాళ్ల 93 మనకు 97–98. నేను పోయించింది నాలుగైదు అంకెలు తక్కువ పెట్రోల్! జర్మన్ కార్ల మూత మీద ఆర్ఓజెడ్ అని ఉంటే భయం లేదు, అదీ మన లెక్కే.

20 శాతం ఇథనాల్‌తో మామూలు పెట్రోలే 95 అయిందని 2025లో పెట్రోలియం శాఖ చెప్పింది. ఇథనాల్ ఆక్టేన్ పెంచే మాట నిజమే. కానీ 98 అడిగే బండికి అది చాలదు. పాత బండైతే ఇ20 పడుతుందో లేదో మాన్యువల్లో విడిగా చూసుకోవాలి.

పరిష్కారం: ట్యాంకులో 20 లీటర్ల 95 ఉండగా 20 లీటర్ల 97 పోస్తే వచ్చేది దాదాపు 96. కాబట్టి రిజర్వ్ దాకా తిప్పి, అప్పుడు బండి అడిగే అంకెను బట్టి భారత్ పెట్రోలియం స్పీడ్ 97 గానీ ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 గానీ ఫుల్ కొట్టించండి. బిల్లు మీద ఏం రాశారో చూడండి. డెన్సిటీ చూపిస్తే ఆక్టేన్ తెలియదు. టైమింగ్ మళ్లీ ముందుకు రావడానికి ఇంజిన్‌కి కొంత దూరం కావాలి, పది కిలోమీటర్లు తిప్పి పెదవి విరవకండి. పరీక్ష కూడా అదే ఎండలో, అదే ర్యాంపు మీద చేయండి.

ఆక్టేన్ పెంచుతుందని అమ్మే బూస్టర్ సీసా మీద 30 పాయింట్లు అని ఉంటే పెరిగేది మూడు అంకెలే. పది పాయింట్లు కలిస్తే ఒక్క అంకె.

ఇంకా కొట్టుకుంటుంటే నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నీళ్ల పంపు చూడండి. చాలా బండ్లలో దానికి విడిగా చిన్న కరెంటు పంపు ఉంటుంది. అది ఆగిపోయినా లైటు వెలగకపోవచ్చు. తర్వాత ఇంజిన్ లోపల పేరుకున్న కార్బన్, రకం తప్పిన ప్లగ్గులు. నాక్ సెన్సరే పాడైన బండ్లు నాకు రెండో మూడో తగిలాయి, అంతే.