బ్రెగ్జిట్ వల్ల ఉద్యోగాలు పోయాయా? మీరే లెక్క తేల్చుకునే పద్ధతి

బ్రెగ్జిట్, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి రావడం గురించి ఎవర్ని అడిగినా రెండు మాటలే వినిపిస్తాయి. "దేశం మునిగిపోయింది" అని ఒకరు, "ఏమీ కాలేదు, అంతా ఉత్త భయపెట్టడమే" అని ఇంకొకరు. తమాషా ఏంటంటే ఇద్దరూ అంకెలు చూపిస్తారు, ఆ అంకెలు చాలావరకు నిజమే కూడా. ఏ ఏడాది నుంచి లెక్కపెడుతున్నారు, ఏ రంగంలో, దేనితో పోల్చి అన్న దగ్గర తేడా వస్తుంది. ఈ మూడూ పట్టుకుంటే ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో మీకే తెలిసిపోతుంది.

ముందు తేదీలు విడదీసి పెట్టుకోండి

"బ్రెగ్జిట్ అయ్యాక" అని ఎవరైనా అంటే, ఎప్పుడు అయ్యాక అని అడగండి. రెఫరెండం జరిగింది 2016 జూన్ 23న, బయటికి రావాలన్నవాళ్లు 51.9 శాతం. చట్టప్రకారం యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చింది 2020 జనవరి 31న. సరుకులూ మనుషులూ అడ్డం లేకుండా తిరిగే ఉమ్మడి మార్కెట్, లోపల సుంకాలు లేని కస్టమ్స్ యూనియన్ రెండూ వదిలింది 2020 డిసెంబర్ 31 రాత్రి. అంటే ఓటు పడిన నాలుగున్నరేళ్ల దాకా రూల్స్ పరంగా పెద్దగా ఏమీ మారలేదు. పోలండ్ నుంచి వచ్చేవాడు వీసా లేకుండానే వస్తున్నాడు, లారీలు ఫ్రాన్స్‌కి మామూలుగానే పోతున్నాయి.

కాబట్టి 2018 ఎగుమతుల అంకె చూపించి "చూశారా, వ్యాపారానికేం కాలేదు" అంటే ఆ వాదన అక్కడితో ఆపేయొచ్చు. అప్పటికి సరిహద్దే రాలేదు.

మరి ఆ నాలుగున్నరేళ్లలో ఏం జరగలేదా అంటే, జరిగింది, వేరే దారిలో. ఓట్ల లెక్కింపు రాత్రే పౌండు డాలర్‌తో పోలిస్తే 1985 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి పడింది. పౌండు పడితే దిగుమతులు ప్రియం అవుతాయి, బ్రిటన్ తినేదాంట్లో చాలా భాగం బయటి నుంచే వస్తుంది. 2016 జూన్‌లో 0.5 శాతం ఉన్న ద్రవ్యోల్బణం 2017 నవంబర్‌కి 3.1 శాతానికి చేరింది. జీతాలు ఆ వేగంతో పెరగలేదు. ఉద్యోగం అలాగే ఉంది, పేస్లిప్‌లో అంకె కాస్త పెరిగింది కూడా, కానీ దాంతో కొనగలిగేది తగ్గింది. నిరుద్యోగం అంకెల్లో ఇది ఎక్కడా కనపడదు.

కనపడనిది ఇంకోటి ఉంది, పెట్టుబడి. రేపు ఏ రూల్ ఉంటుందో తెలియనప్పుడు కంపెనీ ఉన్నవాళ్లను తీసెయ్యదు, కొత్త మెషిన్ కొనడం వాయిదా వేస్తుంది. ఓటు తర్వాత బ్రిటన్‌లో కంపెనీల పెట్టుబడి ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉండిపోయింది. పెట్టని ఫ్యాక్టరీలో రాని ఉద్యోగం గురించి ఏ పేపరూ రాయదు కదా.

నిరుద్యోగం ఒక్కటే చూస్తే బోల్తా పడతారు

2016 మేలో, అంటే ఓటుకు ముందు, బ్రిటన్ ఆర్థిక శాఖ ఒక అంచనా వేసింది. బయటికి రావాలని ఓటేస్తే వెంటనే మాంద్యం వస్తుంది, నిరుద్యోగులు సుమారు 5 లక్షలు పెరుగుతారు అని. అలా జరగలేదు. 2016 మధ్యలో 4.9 శాతం ఉన్న నిరుద్యోగం 2019 చివరికి 3.8 శాతానికి తగ్గింది. "అంతా భయపెట్టడమే" అనేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది ఇదే, నిజం చెప్పాలంటే ఆ అంచనా వేసినవాళ్లకి ఈ చీవాట్లు దక్కాల్సినవే.

కానీ అంచనా తప్పినంత మాత్రాన నష్టం లేదని కాదు. మనం పోల్చాల్సింది నిన్నటి బ్రిటన్‌తో కాదు, యూనియన్‌లోనే ఉండిపోయి ఉంటే ఈరోజు ఉండే బ్రిటన్‌తో. ఆ దేశం లేదు, కాబట్టి లెక్కగట్టి తయారు చేసుకోవాలి. 2016కి ముందు బ్రిటన్ లాగే పెరుగుతూ వచ్చిన అమెరికా, జర్మనీ, ఆస్ట్రేలియా లాంటి దేశాల్ని తగిన పాళ్లలో కలిపి ఒక నకలు బ్రిటన్‌ని కడతారు, 2016 తర్వాత అసలుకీ నకలుకీ మధ్య ఎంత ఎడం వచ్చిందో చూస్తారు. ఈ పద్ధతిలో జాన్ స్ప్రింగ్‌ఫర్డ్ అనే ఆర్థికవేత్త 2022 మధ్య నాటికి జీడీపీ 5.5 శాతం తక్కువ ఉందని తేల్చారు. ప్రభుత్వ బడ్జెట్ అంచనాలు వేసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్ వేరే దారిలో వెళ్లి, దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని, ఎగుమతులు దిగుమతులు రెండూ 15 శాతం తక్కువ ఉంటాయని చెబుతోంది.

ఈ 4 శాతాన్ని చాలామంది తప్పుగా చదువుతారు. ఏటా 4 శాతం పోతుందని కాదు, ఈ ఏడాది పోయిందనీ కాదు. పదిహేనేళ్లు గడిచాక, లోపలే ఉండి ఉంటే చేరే చోటుకి 4 శాతం కింద ఉంటుందని. మెల్లగా, నొప్పి తెలియకుండా జరిగే వ్యవహారం. అందుకే మీ పక్కింటివాడి ఉద్యోగం పోలేదన్నది దీనికి జవాబు కాదు. నకలు దేశం లెక్కలకీ లోపాలుంటాయి, ఏ దేశాల్ని కలిపారన్న దాన్నిబట్టి అంకె మారుతుంది, పైగా 2020 తర్వాత కోవిడ్, 2022లో యుక్రెయిన్ యుద్ధం ఒక్కో దేశాన్ని ఒక్కోలా కొట్టాయి. అందుకని దశాంశాల దగ్గర కొట్టుకోకండి. అంకె ఏ వైపు ఉంది, సుమారుగా ఎంత, అంతవరకు చాలు.

ఇక అసలు సంగతి, రంగాలవారీగా విడగొట్టండి

మొత్తం దేశం అంకెలో ఒకడి లాభం, ఇంకొకడి నష్టం కలిసి చెల్లిపోతాయి. విడగొడితేనే బొమ్మ కనపడుతుంది. ఒక చీజ్ లోడు తీసుకుందాం. 2020 డిసెంబర్‌లో ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్‌కి పంపాలంటే ఇన్‌వాయిస్ పెట్టి లారీ ఎక్కిస్తే సరిపోయేది. 2021 జనవరి నుంచి ఎగుమతి కస్టమ్స్ డిక్లరేషన్, అటువైపు దిగుమతి డిక్లరేషన్, వెటర్నరీ డాక్టర్ సంతకంతో ఆరోగ్య సర్టిఫికెట్, సరుకు బ్రిటన్‌లోనే తయారైందని రుజువు, ఇవన్నీ కావాలి. సుంకం సున్నాయే, 2020 క్రిస్మస్ ముందు కుదిరిన ఒప్పందం పుణ్యమా అని, కానీ సున్నా సుంకం దక్కాలన్నా ఆ కాగితాలు ఉండాల్సిందే. లారీ నిండా ఒకే సరుకు పంపే పెద్ద కంపెనీకి ఈ ఖర్చు లెక్కలోకి రాదు. నాలుగు పెట్టెలు పంపే చిన్నవాడికి, ప్రతి పార్సిల్‌కీ అంతే కాగితం కావడంతో లాభమంతా అందులోనే పోతుంది, చాలామంది ఈయూకి అమ్మడమే మానేశారు. నష్టం ఎక్కువగా పడింది చిన్న సంస్థల మీద, అక్కడ పనిచేసేవాళ్ల మీద.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ కాగితాలన్నీ నింపడానికి మనుషులు కావాలి. కస్టమ్స్ పనికి 50 వేల మంది కావాలన్న అంచనా 2020లో బాగా వినిపించింది. అంటే ఉద్యోగాలు పెరిగాయి! పెరిగాయి, కానీ ఇంతకుముందు అవసరమే లేని పని చేయడానికి. అందుకే "ఇన్ని కొత్త ఉద్యోగాలు వచ్చాయి" అని ఎవరైనా చెబితే ఆ ఉద్యోగం దేనికో అడగండి, సరుకు ఎక్కువ తయారు చేయడానికా, ఉన్న సరుకు గేటు దాటించడానికా.

లండన్ ఫైనాన్స్ రంగంలో కథ వేరు. లండన్‌లో లైసెన్స్ ఉంటే యూరప్ అంతటా అమ్ముకునే హక్కు పోయింది, అందుకని బ్యాంకులు ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్, డబ్లిన్‌లో ఆఫీసులు తెరిచాయి. ఓటు టైంలో 70 వేలకు పైగా ఉద్యోగాలు పోతాయన్న అంచనాలు కూడా వచ్చాయి. ఈవై అనే కన్సల్టింగ్ సంస్థ కంపెనీల ప్రకటనలు కూడి చూస్తే 2022 నాటికి తరలినవి 7 వేల చిల్లర. 2021 జనవరిలో షేర్ల ట్రేడింగ్‌లో ఆమ్‌స్టర్‌డామ్ లండన్‌ని దాటేసింది, ఈయూలో మందుల్ని పరిశీలించే యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ దాదాపు 900 ఉద్యోగాలతో లండన్ నుంచి అదే ఊరికి వెళ్లిపోయింది. దెబ్బ తగిలింది, కానీ అనుకున్నంత కాదు. కన్సల్టింగ్ లాంటి సేవల ఎగుమతులైతే సరుకుల కంటే చాలా మెరుగ్గా నడిచాయి. లారీ ఎక్కించాల్సిన పని లేనివాళ్లకి సరిహద్దు అంతగా తగల్లేదు మరి.

మనుషుల లెక్క: ఎవరు వెళ్లారు, ఎవరు వచ్చారు

2021 శరదృతువులో బ్రిటన్ పెట్రోల్ బంకుల ముందు క్యూలు మీకు గుర్తుండే ఉంటాయి. పెట్రోల్ ఉంది, తోలే డ్రైవర్లు లేరు. లక్ష మంది లారీ డ్రైవర్లు తక్కువయ్యారని రవాణా సంఘం చెప్పింది. ప్రభుత్వం హడావుడిగా డ్రైవర్లకి 5,000, కోళ్ల పరిశ్రమకి 5,500 తాత్కాలిక వీసాలు ప్రకటించింది. కొద్ది నెలల పని కోసం ఎవరొస్తారు? డ్రైవర్లైతే చాలా తక్కువమందే వచ్చారు.

ఇదంతా బ్రెగ్జిట్ వల్లేనా? ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కోవిడ్‌లో డ్రైవింగ్ టెస్టులు ఆగిపోయాయి, పాతవాళ్లు రిటైరయ్యారు, జర్మనీలో, పోలండ్‌లో కూడా డ్రైవర్ల కొరత ఉంది. కానీ అక్కడ కొరత ఉన్నా పక్క దేశం నుంచి మనిషి రేపే వచ్చి పనిలో చేరగలడు, బ్రిటన్‌లో ఆ తలుపు మూసుకుంది. కొరతకి కారణాలు చాలా ఉన్నాయి, అది తీరకపోవడానికి మాత్రం బ్రెగ్జిట్ పెద్ద కారణం. ఏ రంగం చూసినా ఈ రెండింటినీ విడిగా పెట్టండి.

నర్సుల లెక్కలోనూ ఇంతే. బ్రిటన్ రిజిస్టర్‌లో ఏటా కొత్తగా చేరే ఈయూ నర్సులు 2015-16లో 9 వేలు దాటారు, రెండేళ్లలో వెయ్యి లోపుకి పడిపోయారు. అంతా ఓటు దెబ్బే అనిపిస్తుంది. కానీ 2016 మొదట్లోనే ఈయూ నర్సులకి ఇంగ్లిష్ పరీక్ష తప్పనిసరి చేశారు, అదీ కలిసింది.

పొలాలకి వస్తే, స్ట్రాబెర్రీలు కోసేవాళ్లు ఒకప్పుడు ఎక్కువగా రొమేనియా, బల్గేరియా వాళ్లు. సీజన్ వీసా 2019లో 2,500తో మొదలై 2021కి 30 వేలకి చేరింది, గరిష్ఠం ఆరు నెలలు. మొదట యుక్రెయిన్ వాళ్లు వచ్చారు, యుద్ధం మొదలయ్యాక కిర్గిజ్‌స్తాన్, ఇండొనేసియా, నేపాల్ దాకా వెతుక్కోవాల్సి వచ్చింది. రోడ్డు మీద బస్సెక్కి వచ్చే మనిషి స్థానంలో అప్పుచేసి విమానమెక్కి వచ్చే మనిషి. ఆరు నెలల కూలీలో ఆ అప్పు తీరగా మిగిలేదెంత అన్నది వేరే ఏడుపు.

మొత్తం మీద, స్వేచ్ఛగా రాకపోకలు సాగి ఉంటే ఉండేవాళ్లతో పోలిస్తే 2022 మధ్య నాటికి ఈయూ కార్మికులు సుమారు 4 లక్షల 60 వేలు తగ్గారని, మిగతా దేశాల వాళ్లు ఒక లక్షా 30 వేల మేర ఆ లోటు పూడ్చారని, అంటే నికరంగా 3 లక్షల 30 వేల లోటు అని 2023 మొదట్లో ఒక అధ్యయనం వచ్చింది. లోటు ఎక్కువగా రవాణా, గిడ్డంగులు, హోటళ్లు, దుకాణాల్లో. ఆ తర్వాత గాలి తిరిగింది, 2023 మధ్యకల్లా ఏడాది నికర వలస 9 లక్షలు దాటింది, ఎక్కువమంది ఈయూ బయటివాళ్లే. వలస తగ్గుతుందని బ్రెగ్జిట్‌కి ఓటేసినవాళ్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోండి.

అంకెలు ఎక్కడ చూడాలి

బ్రిటన్ గణాంకాల సంస్థ ఓఎన్ఎస్ ఇళ్లవాళ్లని అడిగి చేసే లేబర్ ఫోర్స్ సర్వే మీద గుడ్డిగా ఆధారపడకండి. జవాబిచ్చేవాళ్లు బాగా తగ్గిపోయి 2023 అక్టోబర్‌లో కొన్ని అంకెల ప్రచురణే ఆపేశారు. దానికంటే పన్నుల శాఖ జీతాల రికార్డుల నుంచి వచ్చే లెక్క మేలు. ఈయూ వాళ్లు ఎంతమంది, బయటి దేశాల వాళ్లు ఎంతమంది, ఏ రంగంలో ఉన్నారో విడివిడిగా ఉంటుంది. దాని పక్కనే ఖాళీల సంఖ్య పెట్టుకోండి. 2022లో 13 లక్షలకు చేరిన ఖాళీలు తర్వాత నెల నెలా తగ్గుతూ వచ్చాయి, కాబట్టి "బ్రిటన్‌లో మనుషులు దొరకట్లేదు" అన్న పాత వార్త చదివి ఇప్పుడు టికెట్ కొనకండి.

మీరే అక్కడికి పోదామనుకుంటుంటే

వీసా రూల్సే ఇప్పుడు జాబ్ మార్కెట్. స్కిల్డ్ వర్కర్ వీసాకి ఏడాది జీతం కనీసం 25,600 పౌండ్లు అని 2021లో మొదలుపెట్టారు, 2024 ఏప్రిల్‌లో 38,700 చేశారు, 2025 జులైలో 41,700. వృద్ధుల సంరక్షణ పనివాళ్లకి 2022 ఫిబ్రవరిలో తలుపు తెరిచి, 2025 జులైలో విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం ఆపేశారు. మూడున్నరేళ్లలో తెరవడమూ మూయడమూ రెండూ అయిపోయాయి. కాబట్టి ఆఫర్ రాగానే ఎగిరి గంతెయ్యకుండా, ఆ కంపెనీ పేరు ప్రభుత్వ స్పాన్సర్ల (విదేశీయుల్ని పనికి పిలిచే లైసెన్స్ ఉన్నవాళ్ల) జాబితాలో ఉందా, మీ పనికి ఈ నెలలో ఉన్న కనీస జీతం ఎంత, ఆఫర్ లెటర్‌లో అంకె దానికి తగ్గట్టుందా చూడండి. మొదటి రెండూ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏజెంటు డబ్బు అడిగితే ఆ డబ్బు దేనికో కాగితం మీద రాసివ్వమనండి, చాలామంది అక్కడే ఫోన్ పెట్టేస్తారు.