మీ ఊరి ఉప్పు కొఠార్ల చరిత్రను సేకరించి దాచడం ఎలా?

నౌపడ, చినగంజాం, ఇసకపల్లి... కోస్తాలో ఉప్పు పండే ఊళ్లు, అంటే ఉప్పు మడుల కొఠార్లున్న ఊళ్లు, ఇంకా ఉన్నాయి. ‘పండే’ అన్న మాట నాది కాదు, వాళ్లదే. సముద్రపు నీటిని మడుల్లో పెట్టి ఎండకు ఉప్పు తీసేవాళ్లు తమను ఉప్పు రైతులనే చెప్పుకుంటారు. చరిత్ర సేకరించాలని బయల్దేరేవాళ్లు సాధారణంగా ముందు లైబ్రరీకి పోతారు. నేనైతే మడికే పొమ్మంటాను. కాగితాలు ఇంకో పదేళ్ల తర్వాతా దొరుకుతాయి. మడి నేలను పాదంతో తొక్కి చూసి ‘ఇక నీళ్లు పెట్టొచ్చు’ అని చెప్పే పెద్దాయన దొరకడు.

1. వెళ్లే నెల చూసుకోండి

నేను మొదటిసారి ఆగస్టులో వెళ్లాను. నిలవ నీళ్లు, కొంగలు తప్ప ఏమీ లేవు. వానలు వెనక్కి తగ్గాక గట్లు, మడులు బాగుచేసుకుంటారు. జనవరి నుంచి పని ఊపందుకుంటుంది, మార్చి నుంచి మే దాకా ఉప్పు బాగా దిగుతుంది. మడులు బాగుచేసేటప్పుడు ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి, వానలు పడి పని ఆగాక ఒకసారి వెళ్లండి. ఆ మూడోసారే మనుషులు తీరిగ్గా కూర్చుని మాట్లాడేది.

2. పనిని కళ్లతో చూసి, వరసగా రాసుకోండి

పోటు మీద వచ్చే నీటిని కాలువలోంచి పెద్ద మడుల్లోకి పెడతారు. ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తూ పోతే నీరు చిక్కబడుతుంది. నీటి చిక్కదనం చూపే బోమే మీటరుతో కొలిస్తే సముద్రపు నీరు సుమారు 3 డిగ్రీలు చూపిస్తుంది. 25 దగ్గరికి వచ్చేసరికి ఉప్పు కట్టడం మొదలవుతుంది. 30కి చేరేసరికి మెగ్నీషియం లవణాలు ఎక్కువై నీరు చేదెక్కుతుంది. దాన్ని బయటికి వదిలేయకపోతే ఉప్పూ చేదెక్కుతుంది, తేమ పట్టి కారిపోతుంది.

ఇది పుస్తకంలో దొరికే సంగతే. మీటరు లేని రోజుల్లో ఈ పాకం ఎలా కనిపెట్టేవాళ్లన్నది మాత్రం వాళ్లే చెప్పాలి. ‘ఎలా తెలుస్తుంది?’ అని అడిగితే ‘తెలిసిపోద్ది’ అంటారు, అంతే. అందుకని పక్కపక్కనున్న రెండు మడులు చూపించి, ‘వీటిలో ముందు ఏది దిగుతుంది? రెండోది ఎందుకు ఆగింది?’ అని అడగండి. అప్పుడు నీటి రంగు, పైన కట్టే తెట్టె, నాలుక మీది రుచి, పడమటి గాలి, అన్నీ బయటికొస్తాయి. ఆ మాటలను మీరు ‘శుద్ధి’ చేయకుండా ఉన్నవి ఉన్నట్టే రాయండి.

పనిముట్ల సంగతీ అంతే. ఉప్పు లాగడానికి పొడుగాటి కర్రకు అడ్డంగా చెక్క బిగించుకుంటారు. దాని పేరు ఆ ఊళ్లో ఏమంటే అదే రాసుకోండి, పక్క ఊరి పేరు పెట్టకండి. ఏ కర్రతో చేశారు, ఎవరు చేశారు, పొడవెంత అన్నవీ కావాలి. ఫొటోలో పక్కన స్కేలు పెట్టండి.

ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. తట్టలు మోసిన వాళ్లలో వాళ్లే ఎక్కువ. మగవాళ్ల పక్కన కూర్చోబెడితే జవాబులన్నీ మగవాళ్లే చెప్తారు. కూలి లెక్క, పాదాల పుళ్లు, ఎండలో తెల్లటి మడుల మెరుపుకు కళ్లు పడే బాధ వాళ్ల దగ్గరే వింటారు. ఉప్పును చేతి నుంచి చేతికి ఇవ్వకపోవడం, దీపం పెట్టాక ఉప్పు పేరు ఎత్తకపోవడం లాంటి ఇంటి పట్టింపులూ అక్కడే దొరుకుతాయి.

3. ఆ తర్వాత కాగితాలు

కోస్తా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడ ఉప్పు మీద ఈస్టిండియా కంపెనీ గుత్తాధికారం 1805లో మొదలైంది. మద్రాసు ఉప్పు చట్టం 1889లో వచ్చింది. ఉప్పు పన్ను 1947లో పోయింది. అప్పటి రెవెన్యూ బోర్డు రికార్డులకు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి.

ఒక చిక్కుంది. ‘మణుగు’ అని కనిపించగానే లెక్క కట్టేయకండి. మద్రాసు మణుగు 25 పౌన్లు, అంటే 11 కిలోల పైచిలుకు. సర్కారు మణుగు 82 పౌన్లకు పైనే, అంటే 37 కిలోలు దాటుతుంది. ఏ మణుగో తేల్చుకోకపోతే దిగుబడి మూడింతలు తప్పుతుంది.

1930 ఉప్పు సత్యాగ్రహం గురించి అడిగితే ప్రతి ఇంట్లోనూ ఒక తాతగారు జైలుకెళ్లి ఉంటారు. కాదనకండి, రికార్డు చేయండి. ఆ కాలపు పత్రికలతో, పోలీసు ఫైళ్లతో సరిచూశాకే చరిత్రలో పెట్టండి.

సముద్రం లేని ఊరివాళ్లకూ పనుంది. ‘ఉప్పర’ అన్న కులం పేరులోనే ఉప్పుంది. చౌడు మట్టిని కడిగి ఉప్పు తీయడాన్ని బ్రిటిష్ సర్కారు అణచివేసింది. రాయలసీమలో ఆ జ్ఞాపకం ఇంకా ఎవరికైనా ఉందేమో అడగండి.

4. పటం గీయండి

గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు వరసగా చూడొచ్చు. వేసవిలో చిన్న చిన్న గళ్లుగా తెల్లగా మెరిసేవి ఉప్పు మడులు. పెద్దగా, ముదురు రంగులో ఉండేవి చాలావరకు రొయ్యల చెరువులు. ఏది ఎప్పుడు ఏదైందో గుర్తించి, ఊరి పెద్దల ముందు పెడితే మడుల పేర్లు వాళ్లే చెప్తారు.

5. దాచడం

రికార్డింగుకు ముందు అనుమతి అడిగి, ఆ మాట కూడా రికార్డు చేయండి. ఫైలు పేరులో ఊరు, తేదీ ఉండాలి. మూడు కాపీలు చేసి, ఒకటి వేరే ఊళ్లో పెట్టండి. ఒక కాపీ మాట్లాడిన మనిషి ఇంటికి పెన్‌డ్రైవులో ఇచ్చి రండి.

ఏ మడి ఉప్పైనా గుప్పెడు తెచ్చుకుంటే గాజు సీసాలో, ప్లాస్టిక్ మూతతో దాచండి. రేకు మూతైతే తుప్పు పట్టిపోతుంది. లోపల వేసే చీటీ మీద పెన్సిలుతో రాయండి. ఉప్పు చెమ్మకు సిరా చెదిరిపోతుంది.