సోషల్ కంప్యూటింగ్ నేర్చుకుందాం, 3వ భాగం: లెక్క చూపిస్తే లెక్కే మారిపోతుంది

గత భాగంలో చాలామంది చేత చిన్న చిన్న పనులు చేయించి, ఆ జవాబులన్నీ కలిపి ఒక మంచి జవాబు రాబట్టడం చూశాం. అదంతా ఒకే షరతు మీద నిలబడి ఉంది: ఎవరి జవాబు వాళ్లు సొంతంగా ఇవ్వాలి. మీరు కట్టబోయే యాప్‌లో అన్నిటికంటే ముందు దెబ్బతినేది ఈ షరతే, అందుకే ఈ భాగమంతా దాని గురించే.

షరతు నిలబడితే ఏమవుతుందో ముందు చూద్దాం. 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో జరిగిన పశువుల ప్రదర్శనలో ఒక పోటీ పెట్టారు. ఎదురుగా ఉన్న ఎద్దును కోసి శుభ్రం చేశాక ఎంత బరువు తూగుతుందో చీటీ మీద రాసివ్వాలి. గణాంకాల మీద పనిచేసిన ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఆ చీటీలు తెప్పించుకుని, చదవడానికి వీలైన 787 అంచనాలను వరసగా పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నది చూస్తే 1207 పౌన్లు వచ్చింది. అసలు బరువు 1198. ఒక్క శాతం కూడా తేడా లేదు! ఎక్కువ రాసినవాళ్ల తప్పూ తక్కువ రాసినవాళ్ల తప్పూ ఒకదాన్నొకటి కొట్టేశాయి. గమనించాల్సింది ఏంటంటే, అప్పటిదాకా ఎవరెవరు ఎంత రాశారో చూపించే బోర్డు అక్కడ లేదు. మనం రాసే సాఫ్ట్‌వేర్‌లో మొట్టమొదట పెట్టేదే ఆ బోర్డు: లైకులు, స్టార్లు, డౌన్‌లోడ్లు, 'ట్రెండింగ్'.

బోర్డు పెడితే ఏమవుతుందో మాథ్యూ సల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు పరీక్షించి 2006లో ప్రచురించారు. ఎవరికీ పెద్దగా తెలియని బ్యాండ్ల పాటలు 48, వినడానికి వచ్చినవాళ్లు రెండు విడతల్లో కలిపి 14,341 మంది. కొందరికి పాటల పేర్లు మాత్రమే కనిపించాయి. మిగతావాళ్లను ప్రతి విడతలోనూ ఎనిమిది విడివిడి 'ప్రపంచాలు'గా చేసి, ఎవరి ప్రపంచంలో జరిగిన డౌన్‌లోడ్ల లెక్క వాళ్లకే చూపించారు. పాటలు అవే, వచ్చేవాళ్లూ ఒకే తరహా జనం, అయినా ఒక ప్రపంచంలో పైనున్న పాట ఇంకో ప్రపంచంలో ఎక్కడో కిందికి పోయింది. బాగా నచ్చే పాటలు పూర్తిగా మునిగిపోవడం అరుదు, మరీ నచ్చనివి గెలవడమూ అరుదు, మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఏమైనా జరగొచ్చు. మొదటి విడతలోలా పాటలను గళ్లల్లో ఎలా పడితే అలా కాకుండా, రెండో విడతలో డౌన్‌లోడ్ల ప్రకారం ఒకే వరసలో పేర్చి చూపించినప్పుడు ఈ తేడాలు ఇంకా పెరిగాయి. అంటే ఆ వరస కూడా అల్గారిథంలో భాగమే, దాన్ని డిజైన్ టీమ్‌కి వదిలేసి మనం చేతులు దులుపుకోలేం.

సరే, ఇక కోడ్. మీకు వచ్చిన ఏ భాషైనా పర్లేదు, పది పదిహేను లైన్లు చాలు. రెండు పాటలు తీసుకోండి, చెరో ఓటుతో మొదలు. వెయ్యి మంది ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలా ఒక ఓటు వేస్తారు. మొదటి ఫంక్షన్‌లో ప్రతివాళ్లూ పాత ఓట్లు చూడకుండా సగం సగం అవకాశంతో ఎంచుకోవాలి. రెండో ఫంక్షన్‌లో ఒక్క లైన్ మార్చండి: ఇప్పటికే పడిన ఓట్ల నిష్పత్తిలో ఎంచుకోవాలి, అంటే ఓట్లు 3, 1 ఉంటే తర్వాత వచ్చినవాళ్లు మొదటి పాటకు వేసే అవకాశం 75 శాతం. చివర్లో మొదటి పాట వాటా రాసుకుని, ఒక్కో ఫంక్షన్‌నీ 500 సార్లు నడిపి హిస్టోగ్రామ్ (ఏ వాటా ఎన్నిసార్లు వచ్చిందో చూపించే కడ్డీల బొమ్మ) గీయండి. దయచేసి నిజంగా గీయండి, చదివి ఊహించుకుంటే సగం కూడా ఎక్కదు.

మొదటిదాంట్లో దాదాపు అన్నీ 47, 53 శాతాల మధ్యే గుమిగూడతాయి. రెండోదాంట్లో గుట్ట ఉండదు, సున్నా నుంచి నూరు దాకా దాదాపు చదునుగా పరుచుకుంటుంది. ఈ రెండో పద్ధతిని పోల్యా అర్న్ నమూనా అంటారు. ఇప్పుడు రెండో ఫంక్షన్‌లో ఆ 500 సార్లలో ఏదో ఒక్క పరుగు (ఒకసారి నడిపింది) తీసుకుని, ఓటు ఓటుకీ వాటా ఎలా మారిందో గ్రాఫ్ గీయండి. మొదట్లో ఎగిరెగిరి పడి, కాసేపటికి ఒక అంకె దగ్గర కుదురుకుంటుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇదే. మీ డాష్‌బోర్డ్‌లో కనిపించేది ఆ ఒక్క పరుగే, గీత కుదురుగా ఉంది కాబట్టి అది పాట నాణ్యతే అనుకుంటారు, నిజానికి అది మొదట వచ్చిన కొద్దిమంది చలవ.

ఏబీ టెస్టులు (యూజర్లను రెండు గుంపులు చేసి, చెరో రకం చూపించి పోల్చడం) చేసేవాళ్లు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. రెండు గుంపులూ ఒకే లైకుల లెక్క చూస్తుంటే ఒక గుంపు ప్రవర్తన రెండోదాంట్లోకి కారిపోతుంది, ఇక పోల్చడానికి ఏం మిగలదు. ఆ పరిశోధకులు వేరు వేరు ప్రపంచాలు పెట్టింది అందుకే. ప్రపంచానికీ ప్రపంచానికీ ఫలితం ఎంత మారుతోంది అని అడిగితే ఒక్కో విడతలో మీ శాంపిల్ ఎనిమిది ప్రపంచాలే, వేలమంది కాదు.

మరి లెక్కలు దాచేయాలా? కొత్తవాటికి కొంతసేపు దాచడం, వరసను అప్పుడప్పుడు కలిపేయడం లాంటి పద్ధతులున్నాయి. లెక్క చూపించడం వల్ల జనానికి టైమ్ కలిసొస్తుందన్నదీ నిజమే, కాబట్టి నేనైతే ముందు వరస జోలికి వెళ్తాను, లెక్కలను తర్వాత చూసుకుంటాను.

హోంవర్క్: రెండో ఫంక్షన్‌లో ఓట్లను పాట ఆకర్షణతో గుణించండి, ఒకదానికి 1.0, ఇంకోదానికి 1.1. వెయ్యి మంది అయ్యాక మెరుగైన పాట ఎన్నిసార్లు వెనకబడిందో లెక్కపెట్టండి. మూడింట ఒకసారికి కాస్త అటూ ఇటూగా రావాలి, మరీ తేడా వస్తే మీ రాండమ్ ఎంపిక లైన్ మళ్లీ చూసుకోండి. తర్వాత మొదటి 20 మందికి మాత్రం లెక్క దాచి, ఆకర్షణను బట్టే ఎంచుకోనిచ్చి, మళ్లీ నడపండి. వచ్చే భాగంలో ఆ రెండు హిస్టోగ్రామ్‌లతోనే మొదలుపెడదాం.