పక్కింటివాళ్ల ఉత్తరాలు మా గుమ్మంలోకి రావడం ఎలా ఆగిందంటే (నా అనుభవం)

మాది అమలాపురం. పక్కింటివాళ్లదీ మాదీ ఒకటే ఇంటిపేరు, డోర్ నంబరులో తేడా చివరి ‘బై 1’ మాత్రమే. వాళ్ల ఏటీఎం కార్డులు, ఎల్‌ఐసీ కాగితాలు మా ఇంట్లో పడేవి. పక్కింటి పిన్నిగారికి అదే టెన్షన్.

పోస్ట్‌మ్యాన్‌కి చెప్పడం, గేటుకి పేర్లు అంటించడం, ఉత్తరాలు మేమే పట్టుకెళ్లి ఇవ్వడం... ఏదీ నిలవలేదు.

2022లో కోనసీమ జిల్లా వచ్చినా కవర్ల మీద తూర్పు గోదావరి అనే ఉండటంతో అదే కారణమనుకున్నాం. కాదు. పిన్‌కోడ్ సరిగ్గా ఉంటే ఉత్తరం మన పోస్టాఫీసుకి చేరుతుంది. అక్కడి నుంచి డోర్ నంబరూ పేరూ చూసే ఇంటికొస్తుంది.

అందుకే పిన్నిగారితో కూర్చుని, తప్పొచ్చిన కవర్లన్నీ తెరవకుండానే పక్కపక్కన పెట్టి చూశాం. బ్యాంకు కవర్లలో ‘బై 1’ లేనే లేదు! ముందు ఆధార్‌లో చిరునామా సరిచేయించాం. ల్యాండ్‌మార్క్ గడిలో ‘రామాలయం ఎదురు సందు’ అని రాయించాం. తర్వాత ఆ ఆధార్ చూపించి బ్యాంకులో, ఎల్‌ఐసీలో మార్పించాం. ఆఖరున రెండిళ్ల డోర్ నంబర్లు, ఎవరింట్లో ఎవరెవరున్నారో తెల్లకాగితం మీద రాసి, రెండిళ్లవాళ్లం సంతకాలు పెట్టి పోస్ట్‌మాస్టర్‌గారికి ఇచ్చాం.

ఆ కాగితం వల్లో, బ్యాంకు మార్పు వల్లో కచ్చితంగా చెప్పలేను గానీ పోస్టులో వచ్చేవి సర్దుకున్నాయి. కొరియర్లకి మాత్రం ఇది పనిచేయలేదు. వాళ్లు ఫోన్ చేసి వస్తారు కాబట్టి నంబరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.