నాలుగు నగరాల యూరప్ ట్రిప్పు తక్కువలో: ఏది ముందు కొనాలి, ఏది వీసా చేతికొచ్చాకే కొనాలి

యూరప్ ట్రిప్పులో మనవాళ్లు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది చవక టికెట్ల దగ్గరే. ఆఫర్ కనబడగానే రైళ్లు, హోటళ్లు రిఫండ్ లేని రేటుకు కొనేస్తారు. తర్వాత వీసా అపాయింట్‌మెంట్ దొరకదు, తేదీలు జరుగుతాయి, కొన్నవన్నీ నీళ్లపాలవుతాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది వ్యవహారం. రేట్లు వెతకడం ఎవరికైనా వస్తుంది. ఏది ఎప్పుడు కొనాలో తెలియకే చేతులు కాలుతున్నాయి.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. హైదరాబాద్ నుంచి ఇద్దరు, 14 రాత్రులు, బెర్లిన్ (జర్మనీ), ప్రాగ్ (చెక్ రిపబ్లిక్), వియన్నా (ఆస్ట్రియా), బుడాపెస్ట్ (హంగరీ). పారిస్, స్విట్జర్లాండ్, రోమ్ ఎందుకు కాదంటారా? మొదటిసారి వెళ్లేవాళ్లందరూ అడిగేవి అవే, జేబు ఖాళీ చేసేవీ అవే. స్విట్జర్లాండ్‌లో ఇద్దరు రెండు పూటలు హోటల్లో తినే డబ్బుతో ప్రాగ్‌లో ఒక రాత్రి గది వస్తుంది. మంచుకొండ చూడాలని ఉంటే దానికి వేరే ట్రిప్పు వేసుకోండి, తక్కువ ఖర్చు ట్రిప్పులో ఇరికించకండి.

1. దారి గీయండి

నాలుగు ఊళ్లూ ఒకే వరసలో ఉండాలి, వెళ్లిన దారిన వెనక్కి రాకూడదు. బెర్లిన్ నుంచి ప్రాగ్‌కు రైల్లో నాలుగు గంటల పైచిలుకు, ప్రాగ్ నుంచి వియన్నాకు సుమారు నాలుగు గంటలు, అక్కడి నుంచి బుడాపెస్ట్‌కు రెండు గంటల నలభై నిమిషాలు. మూడింటికీ రైలు మారక్కర్లేని సర్వీసులున్నాయి. 14 రాత్రులకు నాలుగు ఊళ్లే గరిష్ఠం. అయిదోది చేర్చారంటే ట్రిప్పంతా సూట్‌కేసు సర్దుకోవడంతోనే సరిపోతుంది. ఏ ఊళ్లోనూ మూడు రాత్రులకు తగ్గకండి. స్లోవేకియా రాజధాని బ్రాటిస్లావా చూడాలనుకుంటే వియన్నా నుంచి రైల్లో గంట ప్రయాణం, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

విమానం బెర్లిన్‌లో దిగి బుడాపెస్ట్‌లో ఎక్కేలా ఉండాలి. బుకింగ్ సైట్లలో 'మల్టీ సిటీ' అనే ఆప్షన్ ఉంటుంది, అది వాడండి. రెండు వన్‌వే టికెట్లు విడివిడిగా కొంటే చాలాసార్లు ఎక్కువవుతుంది. బెర్లిన్‌కే రానుపోను కొని చివర్లో బుడాపెస్ట్ నుంచి మళ్లీ బెర్లిన్‌కు పరుగెత్తేవాళ్లు ఒక రోజునూ, ఒక రైలు ఖర్చునూ, ఒక హోటల్ రాత్రినీ వదులుకుంటున్నట్టే. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా నేరుగా నడుపుతుంది, అక్కడి నుంచి బెర్లిన్. ఈ దారిలో ఇమిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అవుతుంది. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) సరిహద్దుల్లో ముద్రకు బదులు వేలిముద్రలు, ఫోటో తీసుకునే ఎంట్రీ ఎగ్జిట్ పద్ధతి దశలవారీగా మొదలైంది కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్ల క్యూ నెమ్మదిగా కదులుతుంది. మధ్యలో రెండున్నర గంటలైనా లేని కనెక్షన్ తీసుకోకండి.

2. రాత్రుల లెక్క, వీసా: ఇక్కడ ఆగి రెండుసార్లు చదవండి

పాస్‌పోర్ట్ గత పదేళ్లలో ఇచ్చినదై ఉండాలి, షెంగెన్ వదిలే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తగ్గకుండా, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా తీసుకోవాలి. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు. వీసా సెంటర్ సర్వీస్ చార్జీ దీనికి అదనం. తిరస్కరిస్తే ఫీజు వెనక్కి రాదు. ఇవి తేలిక.

కష్టమంతా ఏ దేశానికి అప్లై చేయాలన్న దగ్గరే. దిగే దేశానికి చేయాలని సగంమంది అనుకుంటారు. అది తప్పు. ఎక్కడ ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికి చేయాలి. రోజులు సమానంగా వస్తేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. మన ఉదాహరణలో బెర్లిన్ 4, ప్రాగ్ 4, వియన్నా 3, బుడాపెస్ట్ 3 అని పెట్టుకుంటే జర్మనీ, చెక్ సమానం, కాబట్టి జర్మనీ. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. కానీ మధ్యలో ఒక హోటల్ తేదీ మారి ప్రాగ్‌కు ఒక రాత్రి కలిసిందా, ఫైలు తప్పు దేశం టేబుల్ మీద ఉన్నట్టే. అందుకే సమానంగా ఎప్పుడూ పెట్టకండి. ఒక ఊరికి స్పష్టంగా రెండు రాత్రులు ఎక్కువ ఇవ్వండి: బెర్లిన్ 3, ప్రాగ్ 5, వియన్నా 3, బుడాపెస్ట్ 3. ఇప్పుడు దిగేది జర్మనీలోనే అయినా అప్లికేషన్ చెక్ రిపబ్లిక్‌కే.

ఇక్కడే ఇంకో వెసులుబాటు ఉంది. అపాయింట్‌మెంట్లు ఒక్కో దేశానికి ఒక్కో సమయానికి దొరుకుతాయి. రాత్రులు ఖరారు చేసే ముందే నాలుగు దేశాల స్లాట్లూ చూసి, దేనికి త్వరగా దొరుకుతుందో ఆ ఊరికే ఎక్కువ రాత్రులు ఇవ్వండి. ఇవ్వడమంటే నిజంగా ఉండాలి. కాగితం మీద ప్రాగ్ చూపించి అంతా బెర్లిన్‌లో గడపడం లాంటి తెలివితేటలు వద్దు. సరిహద్దులో హోటల్ బుకింగులు చూపించమనొచ్చు, తేడా కనబడితే వీసా రద్దు చేసే అధికారం వాళ్లకుంది, తర్వాత అప్లికేషన్లకూ అది మచ్చ.

అప్లికేషన్ ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, కావాలనుకుంటే 45 రోజుల దాకా లాగొచ్చు. ఆ 45నే లెక్కలో పెట్టుకోండి. వేసవి సెలవులకు వెళ్లాలంటే సంక్రాంతి పండగ అవగానే స్లాట్ వెతకాలి.

ఫైలులో పెట్టడానికి ఏం బుక్ చేయాలి, ఏం చేయకూడదు అనేది అసలు కిటుకు:

హోటళ్లు: ఉచితంగా రద్దు చేసుకోగలిగే, అక్కడికెళ్లాక డబ్బు కట్టే బుకింగులే చేయండి. రద్దు గడువు వీసా రావాల్సిన తేదీకి తర్వాత ఉండాలి, ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు అయితే ఇంకా మంచిది. ఇద్దరి పేర్లూ బుకింగ్ కాగితం మీద కనబడాలి. ఒక్కరి పేరే ఉంటే రెండో మనిషికి బస రుజువు లేనట్టే. 14 రాత్రుల్లో ఒక్కటి కూడా ఖాళీ రాకూడదు.

విమానం: రద్దు చార్జీ తక్కువున్న టికెట్, లేదా ఎయిర్‌లైనే కొన్నాళ్లు సీటు ఆపి ఉంచే 'హోల్డ్'. ఏజెంట్లు అయిదొందలకో వెయ్యికో అమ్మే డమ్మీ టికెట్లు ఫైలు తెరిచేసరికి రద్దయిపోయి ఉండొచ్చు. అంత డబ్బు పెట్టి ట్రిప్పు వేసుకుంటూ ఇక్కడ కక్కుర్తి పడటం ఎందుకు?

రైళ్లు: కొనకండి. ఏ రోజు ఏ రైలు ఎక్కుతారో రాసి, టైమింగులతో రోజువారీ ప్రణాళికలో పెడితే చాలు. నాలుగు నగరాల ట్రిప్పులో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చవక రైలు టికెట్టుకు రిఫండ్ ఉండదు, తేదీ మార్పు ఉండదు. ఒక్క రోజు జరిగితే మూడు టికెట్లూ పోతాయి.

అప్లికేషన్ ఇచ్చిన మర్నాడే హోటళ్లు రద్దు చేసే అలవాటు కూడా మానండి. ఫైలు నడుస్తుండగా ఎంబసీ వాళ్లు హోటల్‌కు ఫోన్ చేసి అడగొచ్చు.

వీసా వచ్చాక పాస్‌పోర్ట్ బీరువాలో పెట్టేయకుండా స్టిక్కర్ మీద మూడు చోట్ల చూడండి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎన్ని ఎంట్రీలు, ఎన్ని రోజులు. చివరి తేదీ మీ తిరుగు ప్రయాణం కంటే రెండు వారాలు ఎక్కువ కనబడొచ్చు. అది ప్రయాణం ముందూ వెనకా జరుపుకోవడానికి ఇచ్చిన గడువు, అదనపు సెలవు కాదు. రోజుల దగ్గర 15 అని ఉంటే లోపల 15 రోజులే ఉండాలి, దిగిన రోజూ ఎక్కిన రోజూ రెండూ లెక్కే. 14 రాత్రులంటే సరిగ్గా 15 రోజులు. సింగిల్ ఎంట్రీ అయితే మధ్యలో లండన్‌కో బెల్‌గ్రేడ్‌కో వెళ్లొద్దాం అనే ఆలోచన పెట్టుకోకండి, షెంగెన్ బయటికి అడుగుపెడితే ఆ వీసా పని అయిపోయినట్టే. బ్రాటిస్లావా షెంగెన్‌లోనే ఉంది, దానికి ఇబ్బంది లేదు.

3. వీసా వచ్చిన రోజే రైళ్లు

స్టిక్కర్ తేదీలు సరిగ్గా ఉన్నాయంటే ఆ సాయంత్రమే మూడు రైళ్లూ కొనేయండి. రోజులు గడిచేకొద్దీ చవక కోటా అయిపోతుంది. అంతకంటే ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్ చేయండి. చాలా కార్డులకు మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, జనం రైల్వే సైటును తిట్టుకుంటూ కూర్చుంటారు.

ఒకే రైలును సరిహద్దుకు రెండు వైపులా ఉన్న రెండు రైల్వేలూ అమ్ముతాయి, రెండు ధరలకు. బెర్లిన్–ప్రాగ్ రైలును జర్మన్ రైల్వే డాయిష్ బాన్ సైట్లో చూడండి, అదే తేదీ, అదే రైలు నంబరు చెక్ రైల్వే చెస్కె ద్రాహి సైట్లో చూడండి. చాలాసార్లు చెక్ వాళ్ల దగ్గరే తక్కువ. వియన్నా–బుడాపెస్ట్‌కు ఆస్ట్రియా రైల్వే ఓఈబీబీనీ, హంగరీ రైల్వే మావ్‌నీ ఇలాగే పోల్చాలి. ప్రాగ్–వియన్నా దారిలో రేజియోజెట్ అనే ప్రైవేటు రైలు కూడా ఉంది. టికెట్లమ్మే మధ్యవర్తి యాప్‌లు పోలికకు పనికొస్తాయి, కొనుగోలు మాత్రం రైల్వే సైట్లోనే. నెలా నెలన్నర ముందు కొంటే మూడు టికెట్లూ కలిపి మనిషికి 60 నుంచి 80 యూరోల్లో తేలాలి. బయలుదేరే వారంలో కొంటే అంతా కలిపి రెట్టింపు దాటొచ్చు.

'చాలా దేశాల రైళ్లకు ఒకటే చెల్లే యూరైల్ పాస్ తీసుకోకూడదా?' అని అడుగుతారు. మూడు రైళ్లకు వద్దు. అన్ని దేశాలకూ చెల్లే వాటిలో అన్నిటికంటే చిన్నదైన నాలుగు రోజుల పాస్ ఖరీదు పెద్దవాళ్లకు ఈ మూడు టికెట్లకు మూడింతలు దాటుతుంది. పైగా ఫ్రాన్స్, ఇటలీ హైస్పీడ్ రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు మళ్లీ కట్టాలి. రోజుకో ఊరు మారుతూ, ఏ రోజు ఎటు పోతారో తెలియని వాళ్లకు పాస్. తేదీలు తెలిసిన వాళ్లకు టికెట్లు.

చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, అయిదు నిమిషాలు ఆలస్యమైతే తర్వాతి రైలు ఎక్కనివ్వరు. స్టేషన్ పేరు పూర్తిగా చదవండి. ప్రాగ్‌లో హ్లావ్నీ నాద్రాజీ ప్రధాన స్టేషన్, హోలెషోవిట్సె వేరు. బుడాపెస్ట్‌లో కెలెతి, న్యుగతి, కెలెన్‌ఫోల్ద్ మూడూ వేర్వేరు. సీటు రిజర్వేషన్ కొన్నిట్లో టికెట్‌తో రాదు, మూడు నాలుగు యూరోలు పెట్టి తీసుకోండి, శుక్రవారం సాయంత్రమైతే తప్పనిసరి.

ఆరు గంటల లోపు రైలు ఉన్న చోటికి చవక విమానం ఎక్కకూడదు. రయానెయిర్ అనే చవక ఎయిర్‌లైన్ 'పారిస్' అన్నచోట దిగేది బోవేలో, ఊరికి 85 కిలోమీటర్లు. ఉచిత బ్యాగు 40×30×20 సెంటీమీటర్లు, అందులో ఒక జత బూట్లు పెడితే సగం నిండుతుంది. విమానం ఎక్కే ముందు మనలాంటి పాస్‌పోర్టుల వాళ్లు వీసా తనిఖీ కూడా చేయించుకోవాలి, అదొక క్యూ.

4. మిగిలినవి

హోటల్ ప్రధాన స్టేషన్‌కు ట్రాములో పావుగంట దూరంలో ఉంటే చాలు, నడిబొడ్డున అక్కర్లేదు. సిటీ ట్యాక్సు విడిగా అడుగుతారు: బెర్లిన్‌లో గది రేటు మీద 7.5 శాతం, ప్రాగ్‌లో మనిషికి రాత్రికి 50 కొరునాలు.

బెర్లిన్‌లో, వియన్నాలో యూరోలు. ప్రాగ్‌లో కొరునా, బుడాపెస్ట్‌లో ఫోరింట్. ఏటీఎంగానీ కార్డు మెషీన్‌గానీ రూపాయల్లో తీసుకోమంటారా అని అడిగితే వద్దనండి, అక్కడి కరెన్సీలోనే కొట్టించండి. ప్రాగ్‌లో నోట్లు మార్చే దుకాణం మోసం చేసిందనిపిస్తే 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేయించుకునే హక్కు చెక్ చట్టం ఇచ్చింది. రసీదు మాత్రం పారేయకండి.

బెర్లిన్ సిటీ రైళ్లు, బస్సుల టికెట్లు ఏ, బీ, సి జోన్ల లెక్కన ఉంటాయి, విమానాశ్రయం సి జోన్‌లో ఉంది. ఏబీ టికెట్‌తో ఎక్కితే 60 యూరోల జరిమానా, కొత్తగా వచ్చామంటే వినరు. కాగితం టికెట్ అయితే మెషీన్‌లో ముద్ర కొట్టించాలి.

తిండి దగ్గర ఖర్చు తగ్గాలంటే మధ్యాహ్నమే కడుపునిండా తినండి. ప్రాగ్, వియన్నా హోటళ్లలో పనిదినాల్లో మధ్యాహ్నం మెనూ రాత్రి రేటు కంటే బాగా తక్కువ. రాత్రికి సూపర్ మార్కెట్. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం అవి మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలోవి మాత్రం తెరిచి ఉంటాయి. నాలుగు ఊళ్లలోనూ కుళాయి నీళ్లు తాగొచ్చు. ఇంటి నుంచి కందిపొడి, ఆవకాయ, పులిహోర పొడి తీసుకెళ్లండి. నెయ్యి, చికెన్ పచ్చడి వద్దు, బయటి దేశాల నుంచి పాల, మాంసం పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. రొయ్యల పచ్చడికి ఆ బాధ లేదు. పచ్చి కరివేపాకు కూడా పెట్టుకోకండి, తాజా ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు.

బుడాపెస్ట్‌లో ఆఖరి రోజు నడిబొడ్డు నుంచి విమానాశ్రయానికి 100ఈ బస్సు ఉంది. మామూలు సింగిల్ టికెట్ దాంట్లో చెల్లదు, దాని టికెట్ విడిగా కొనాలి. చేతిలో ఫోరింట్లు మిగిలితే అక్కడే ఖర్చుపెట్టేయండి, హైదరాబాద్‌లో వాటిని మార్చేవాళ్లు దొరకడం కష్టం.